ద్వీపములందలి కాపురము: ఇంటి అవసరము, ఉమ్మడి బాధ్యత

అండమాను చరిత్ర యనగానే మనవారికి మొదట స్ఫురించునది సెల్యులర్ జైలు. అది సహజమే. 1896లో ఆరంభమై 1906 నాటికి పూర్తియైన ఆ కారాగారపు కథలో తెలుగువారికిని భాగము కలదు. 1922–24 నాటి రంప పోరాటమున అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాము మల్లుదొర ఈ ద్వీపములకు పంపబడి, విడుదలయైన చాల కాలమునకు, 1952లో లోకసభ సభ్యుడయ్యెను. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి గారును ఇచ్చటి గోడల నడుమ దినములు లెక్కించినవారే. ఆ త్యాగముల గాథను పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు, ఇకముందును వ్రాయుదురు. నేనిచట చెప్పదలచినది గోడల చరిత్ర కాదు, ఇండ్ల చరిత్ర. ఈ ద్వీపములకు వచ్చినవారు ఏ నీరు త్రాగిరి, ఏ కలపతో ఇల్లు కట్టిరి, ఏ ఇసుకతో గోడ లేపిరి, ఒక్కొక్క కాపురము తన సౌకర్యము కొరకు చేసికొన్న చిన్న ఏర్పాట్లు ఊరందరి మీద ఎట్లు పడెను అను విషయము.

మనలో ఒక సామెత కలదు: చేసికొన్నవారికి చేసికొన్నంత. పెద్ద భూమి మీద ఈ మాట కొంతవరకు చెల్లును. ద్వీపమున చెల్లదు. ఇచ్చట ఒకరు చేసికొన్నది మరియొకరు అనుభవింతురు. ఈ ద్వీపసమూహపు వైశాల్యము మొత్తము 8,249 చదరపు కిలోమీటర్లు. దీవులు, దిబ్బలు అన్నియు కలిపి 836 అని నేటి లెక్క. నూటికి ఎనుబదియైదు వంతులకు మించి అడవి. మిగిలిన కొద్దిపాటి నేల మీదనే పొలములు, బజారులు, కార్యాలయములు, మన క్వార్టర్లు. 1901 జనాభా లెక్కలలో ఇచ్చటి జనము 24,649, 2011లో 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు నూటికి పదమూడు మందికి పైగా, అనగా సుమారు అర్ధలక్ష. జంగ్లీఘాట్ జెట్టీ వద్ద ఉదయము పడవలు వచ్చువేళ నిలుచుంటిమా, శ్రీకాకుళము యాస చెవిని పడక మానదు. కనుక ఈ చరిత్ర పరుల చరిత్ర కాదు.

అయితే కథ మనతో మొదలు కాలేదు. ఈ అడవులలో వేల ఏండ్లుగా నివసించుచున్న అండమానీయులను గూర్చి ఇంగ్లీషు పండితుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1906–08 మధ్య ఇచ్చట నివసించి విషయము సేకరించి, 1922లో గ్రంథముగా ప్రకటించెను. అందు నన్ను మిక్కిలి ఆకర్షించినది వారి నిషేధముల ప్రకరణము. గాలివానలకు అధిదేవతగా ఉత్తరమున బిలికు అనియు దక్షిణమున పులుగ అనియు వారొక శక్తిని నమ్ముచుండిరి. ఆ శక్తికి కోపము తెప్పించు పనులు ముఖ్యముగా మూడు: తేనెమైనమును కరగించుట లేక కాల్చుట, కీచురాయిని పోలిన ఒక పురుగును చంపుట, లేదా ప్రాతఃకాలమునను సంధ్యవేళను అది కూయుచుండగా సద్దు చేయుట, కొన్ని పెండలపు జాతి దుంపలను, కొన్ని అడవి పదార్థములను కాలము కాని కాలమున త్రవ్వి తినుట. ఈ తప్పులలో నేది జరిగినను తుపాను వచ్చి అందరిని ముంచునని వారి విశ్వాసము.

దీనిని మూఢనమ్మకమని త్రోసివేయుట సులభము. తేనెమైనము కరగినంత మాత్రమున వాయుగుండము పుట్టదని హైస్కూలు విద్యార్థికిని తెలియును. కాని ఆ ఆలోచన యొక్క కట్టును గమనింపవలెను. తప్పు చేసినవాడు ఒక్కడు, శిక్ష అందరికిని. కాబట్టి ఒకని పొయ్యి మీద నేమి కరగుచున్నదో చూచుటకు పొరుగువానికి హక్కు కలదు. దుంప తవ్వుట వ్యక్తిగత విషయమని ఎవ్వడును చెప్పజాలడు. పైగా కాలము కాని కాలమున దుంపను తవ్వరాదనుటలో ఆహారమును మరుసటి ఏటికి నిలుపుకొను తెలివి కూడ ఉండవచ్చును. అది నా ఊహ మాత్రమే, ఆ పండితుని వ్యాఖ్యానము వేరు. ఆయన దీనిని సంఘ జీవనమును కాపాడు విశ్వాసముగా వివరించెను. ఏదియైనను, ఇట్టి నియమములతో బ్రతికిన గ్రేట్ అండమానీయులు 1901 లెక్కలలో 625 మంది, 1931లో 90, 1961లో 19. వారి వినాశమునకు కారణము వారు చేసిన తప్పులు కావు. కొత్తగా వచ్చినవారి వ్యాధులు, తుపాకులు, వారి అడవుల ఆక్రమణ.

కొత్తవారి ప్రథమ సమస్య మంచినీరు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఛాతం దీవిలో తొలి వలస నెలకొల్పెను. 1792లో దానిని ఉత్తర అండమానునకు మార్చిరి. రోగములు ప్రబలి 1796లో దానిని వదలివేసిరి. మరల 1858 మార్చి 10న జె. పి. వాకర్ రెండువందల మంది ఖైదీలతో వచ్చి అదే ఛాతం మీద దిగెను. అక్కడ నీరు చాలదని తేలి, రాస్ దీవికి మారవలసివచ్చెను. 2018 నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని వ్యవహరింపబడు ఈ రాస్ దీవి మీద దొరల బంగళాలు, చర్చి, నాట్యశాల, రొట్టెల భట్టీ మొదలైనవన్నియు వెలసినవి. నీటిని బట్టీపట్టి శుద్ధిచేయు యంత్రపు శిథిలములు నేటికిని అచ్చట చూడవచ్చును. ఏటా సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురియు చోట త్రాగునీటికి యంత్రము పెట్టవలసివచ్చుట వింతగా తోచును. కొండలు నిట్రముగా ఉండి వాగులు పొట్టివగుటచే పడిన వాన కొద్ది గంటలలో సముద్రము పాలగును; జనవరి మొదలు ఏప్రిల్ వరకు వాన దాదాపు ఉండదు. 1973లో ధనిఖరి ఆనకట్ట కట్టిన పిమ్మట పట్టణమునకు కొంత ఊరట కలిగెను. అయినను వేసవిలో రోజు విడిచి రోజో, రెండు రోజుల కొకసారో కుళాయి వచ్చుట ఇచ్చట కాపురమున్న గృహిణుల కెవ్వరికిని కొత్త కాదు.

ఇచ్చట ఒక పోలిక చెప్పవలెను. వాకర్ ఇటు దిగిన ఆ 1858లోనే మదరాసు రాజధానిలో ఒక చట్టము వచ్చెను. చెరువుల పైనను కాలువల పైనను ఆధారపడిన గ్రామములలో గట్టు తెగినపుడును, పూడిక తీయవలసినపుడును ఆయకట్టు రైతులు అందరును వచ్చి పనిచేయుట పూర్వాచారము. దానినే కుడిమరామత్తు అనిరి. రాని వానినుండి ఆ పని వెలను రాబట్టుటకు ఆ చట్టము అధికారమిచ్చెను. అప్పటికి సర్కారు జిల్లాలును ఆ రాజధానిలోనివే. చట్టము కాగితముపై నిలిచినంత గట్టిగా పొలములో నిలువలేదు. పన్ను వసూలు చేయు సర్కారే మరమ్మత్తు చేయవలెనని రైతులు వాదించిరి, అందులో న్యాయము లేకపోలేదు. తెలంగాణమున తూము వద్ద నిలిచి ఎవరి మడికి ఎంత నీరని పంచు నీరటికాడును ఆ ఉమ్మడి ఏర్పాటులోని వాడే. ఇట్టి గ్రామముల నుండి వచ్చిన మనవారికి నీరు ఉమ్మడి సొత్తన్న మాట కొత్తగా నేర్పవలసినది కాదు. కాని గొట్టము గోడలోనుండి వచ్చునప్పుడు ఆ జ్ఞానము ఏమైపోవునో తెలియదు. పై అంతస్తు ట్యాంకు పొంగి పొర్లుచుండగా క్రింది వీధిలో బిందెల వరుస నిలుచుట చూచినవారు నా మాట కాదనరు.

నీటి తరువాత కలప. 1883లో ఇచ్చట అటవీశాఖ ఏర్పడెను. ఆ సంవత్సరమే ఛాతం దీవిలో కోతమిల్లు మొదలయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున బాంబుల దెబ్బ తిని, అటుపిమ్మట మరల లేచి, నేటికిని ఆ మిల్లు నిలిచియున్నది. పడాక్ చెక్క ఎరుపు, దాని నునుపు, దాని బరువు తెలియని తెలుగు కుటుంబము ఇచ్చట లేదు. కాని అండమాను అడవి ఒక్క పడాక్ కుర్చీలుగానే పోలేదు. గర్జన్ చెక్క రైలు పట్టాల క్రింద స్లీపర్లుగా పోయెను. మెత్తని చెట్లు అగ్గిపుల్లలుగా పోయెను. ప్లైవుడ్డు అస్సాము టీ పెట్టెలుగా పోయెను. రాజమహేంద్రవరములో పొయ్యి రాజేసిన ఇల్లాలికి, గుంటూరు రైలెక్కిన ప్యాసింజరుకు, తాము అండమాను అడవిలో భాగస్వాములమని తెలియదు. తెలియకపోవుట తప్పు కాదు గాని, చెట్టు మాత్రము కూలెను. ఈ అడవి నరకబడినది ద్వీపవాసుల అత్యాశ వలననే యని వ్రాయు పెద్దమనుష్యులు ఈ సంగతిని గుర్తుంచుకొనిన బాగుండును.

అట్లే సెటిలర్ల విషయమును నిష్పక్షపాతముగా చూడవలెను. 1949 మొదలు తూర్పు బెంగాలు నుండి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబములను ఇచ్చట స్థిరపరచిరి. కుటుంబమునకు అయిదెకరముల పల్లపు భూమి, అయిదెకరముల మెట్ట అను లెక్కను భూమి ఇచ్చిరి. అడవిని సాగుభూమిగా మార్చుటయే ఆ పథకపు ఉద్దేశము. రాంచీ ప్రాంతము నుండి వచ్చిన కూలీలు ఆ చెట్లు నరికిరి. సర్కారు చెప్పిన పని చేసిన వానిని ముప్పది ఏండ్ల తరువాత అడవి ధ్వంసకుడని పిలుచుట ధర్మము కాదు. 1951లో 30,971గా ఉన్న జనాభా 1961కి 63,548 అయ్యెను, 1971కి 1,15,133, 1981కి 1,88,741, 1991కి 2,80,661. ప్రతి పదేండ్లకు ఇంచుమించు ఒక కొత్త ఊరు వచ్చి చేరినట్లే. ఆ వచ్చినవారిలో ప్రభుత్వ కొలువుల మీద వచ్చిన మనమును ఉన్నాము. 1970లలో అండమాను ట్రంకు రోడ్డు జారవాల అడవిగుండా పోయెను. ఆ రోడ్డు మీద బస్సెక్కి ఉత్తరమునకు పోనివారు మనలో తక్కువ.

వినోదము కొరకు చేసిన పనుల కథ మరొకటి. వేట సరదాకు ఇంగ్లీషువారు ఇరువదవ శతాబ్ది ఆరంభ దశకములలో చుక్కల దుప్పులను తెచ్చి విడిచిరి. ఇచ్చట పులి లేదు, చిరుత లేదు. దుప్పులు దీవి నుండి దీవికి ఈదుకొనిపోయి, అడవిలో మొలచిన లేతమొక్కను మొలచినట్లే మేసివేయుచున్నవి. పెద్ద చెట్లు నిలిచియున్నంతకాలము అడవి పచ్చగా కన్పించును. క్రింద పిల్లచెట్టు లేదన్న సంగతి నడచి చూచిన వానికే తెలియును. రాస్ దీవికి విహారమునకు పోయి దుప్పికి బిస్కట్టు పెట్టి ఫోటో తీయించుకొను మన పిల్లలకు ఈ సంగతి చెప్పవలసియున్నది. జపానువారి ఆక్రమణ కాలమున, 1942–45 నడుమ, వచ్చినదని చెప్పబడు ఆఫ్రికా పెద్దనత్త మన పెరటి బచ్చలిని, బొప్పాయిని ఎట్లు తినివేయునో వేరుగ చెప్పనక్కర లేదు. ఇంటర్‌వ్యూ దీవిలో ఒక కలప వ్యాపారి 1962 ప్రాంతమున వదలివేసిపోయిన ఏనుగులు అడవి ఏనుగులైపోయినవి. వాటి విషయమై ఎవరును ఆ వ్యాపారిని అడుగలేదు.

ఇక ఇసుక. ఈ వ్యాసమునకు ప్రాణము ఇదియే.

పూర్వపు అండమాను ఇల్లు కలప ఇల్లు. దిమ్మల మీద ఎత్తుగా లేపి, పలకలతో గోడలు పెట్టి, పైన రేకు కప్పిరి. నికోబారు వారి గుండ్రని గుడిసెలును స్తంభముల మీద లేచినవే. 1941 జూన్ 26న వచ్చిన పెద్ద భూకంపమున రాస్ మీది రాతి కట్టడములు దెబ్బతిన్నవి. కలప ఇల్లు ఊగును గాని సాధారణముగ కూలదు. అయినను జనాభా పెరిగిన కొలది, ముఖ్యముగా 1980ల నుండి, సిమెంటు ఇల్లు గౌరవచిహ్నమయ్యెను. పెద్ద నదులు లేని చోట సిమెంటునకు ఇసుక ఎక్కడ? సముద్రతీరమే. అది గోదావరి ఇసుక వంటిది కాదు. పగడపు దిబ్బలు, గవ్వలు అరిగి వేల ఏండ్లకు ఏర్పడినది. ఉప్పు కలది కావున లోపలి ఇనుమును తుప్పు పట్టించును. ఇల్లు కట్టినవాడును నష్టపడును, తీరమును పోవును. తీరమునుండి ఇసుక తీసినచోట అల లోపలికి వచ్చును, కొబ్బరిచెట్టు వ్రేళ్లు బయటపడును, గ్రుడ్లు పెట్టవచ్చిన తాబేటికి చోటుండదు. ఒక ఇంటికి నాలుగు లారీలు. నాలుగు లారీలతో తీరము పోవునా? పోదు. అందరును ఆ ప్రశ్ననే వేసికొని, అందరును ఆ జవాబునే చెప్పుకొనిరి.

ఈ విషయము న్యాయస్థానముల వరకు పోయెను. అండమాను నికోబారు పర్యావరణ సంఘము, కల్పవృక్ష, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము కలిసి చేసిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 2001లో శేఖర్ సింగ్ గారిని ఏకసభ్య కమిషనుగా నియమించెను. ఆయన నివేదికను అనుసరించి 2002 మే 7న వెలువడిన ఉత్తర్వు ఈ ద్వీపముల జీవితమును మార్చివేసెను. గిరిజన రక్షిత ప్రాంతములలోను, అభయారణ్యములలోను చెట్లు నరుకరాదు. నరికిన కలప స్థానికుల అవసరములకే గాని పెద్దభూమికి పోరాదు. తీరపు ఇసుకను ఏటికి కనీసము ఇరువది వంతుల చొప్పున తగ్గించుచు అయిదేండ్లలో మూడవవంతుకు తేవలెను. ప్లైవుడ్డు కర్మాగారములు మూతపడినవి. వాటిలో పనిచేయువారు వీధిన పడిరి. ఇసుక ధర ఆకాశమునంటెను; పెద్దభూమి నుండి ఓడలో ఇసుక తెచ్చు రోజులును వచ్చినవి. రాళ్లగనుల పొడితో చేసిన దిమ్మలు ఇప్పుడు వాడుకలోనికి వచ్చినవి.

ఈ ఉత్తర్వును నేను సమర్థింతును. కాని దాని భారము అందరిపై సమముగా పడలేదని చెప్పకుండుట నిజాయితీ కాదు. అప్పటికే ఇల్లు కట్టుకొన్నవానికి నష్టము లేదు. కట్టుకొనవలసినవాడు, ముఖ్యముగా గారచర్మలోను బాంబూఫ్లాట్‌లోను అద్దెగదిలో ఉన్న కూలివాడు, మూల్యము చెల్లించెను. సర్కారు భవనములకు బిల్లు సర్కారు చెల్లించును. తీరము కాపాడవలసినదే, అయితే ఉమ్మడి బాధ్యత యన్న మాటలో ‘ఉమ్మడి’ అన్న భాగమును పేదవాని వంతు వచ్చినప్పుడే గుర్తుచేయుట మనకు అలవాటై పోయినది. 2004 డిసెంబరు 26 సునామీలో దక్షిణ అండమాను నేల సుమారు మీటరు క్రుంగి సిప్పీఘాటు వరిపొలములు ఉప్పునీటి కొలనులైనప్పుడును నష్టపడినది చిన్న రైతే. గ్రేట్ నికోబారున ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. ఆ క్రుంగుటకు మానవుడు కారణము కాడు. కాని ఎదుట మడ అడవి, పగడపు దిబ్బ, ఇసుకమేట నిలిచియున్న తీరమునకును, అవి లేని తీరమునకును అల తాకిడిలో భేదముండునని అందరును అంగీకరించెదరు.

మన ఉద్యోగుల విషయమునకు వత్తును. బదిలీ ఉత్తర్వు రాగానే ఒక పడాక్ మంచము, ఒక భోజనపు బల్ల చేయించుట పూర్వము ఆచారము వంటిది. అనుమతిపత్రముల కొరకు అటవీశాఖ చుట్టు తిరిగిన కథలు ప్రతి పాత ఉద్యోగికి ఒకటి కలదు. విశాఖలోను హైదరాబాదులోను ఎన్ని ముందరగదులలో ఆ ఎర్రని బల్లలు నేటికిని మెరయుచున్నవో! వాటిని తప్పుపట్టను; నాటి నియమము అది. గాజు పెట్టెలో పగడపు కొమ్మ పెట్టుట మాత్రము వేరు. 2001 నుండి పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో ఉన్నవి. విమానాశ్రయమున సంచి తెరచినపుడు, మా పాప ఏరుకొన్నదండీ అన్న మాట చెల్లదు. 1998లోను 2010లోను సముద్రము వేడెక్కి పగడములు తెల్లబారినవి. ఆ వేడికి కారణమైన పొగ లోకమంతటిది, కాని అందులో మన వంతును కలదు. ఈ పట్టణమున వెలుగు దీపము అధికభాగము ఓడలో వచ్చిన డీజిలుతోనే వెలుగుచున్నది. ఉత్తరమున కల్పాంగ్ మీది 5.25 మెగావాట్ల జలవిద్యుత్తు, దక్షిణమున కొన్ని సూర్యశక్తి కేంద్రములు కలవు, అవి చాలవు. ఏసీ గదిలో కిటికీ తెరచియుంచుట విశాఖలో దుబారా. ఇచ్చట అది పన్నెండువందల కిలోమీటర్లు ప్రయాణము చేసివచ్చిన నూనెను గాలిలో కలుపుట.

ప్లాస్టిక్కు సంగతి అందరికి తెలిసినదే. ఒకసారి వాడి పారవేయు వస్తువులలో కొన్నిటిని 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. గ్రేట్ నికోబారు తీరములలో ఏరిన సీసాలను పరిశీలించి 2020లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసములో వాటిపై ఎక్కువగా మలేసియా, ఇండోనేసియా, థాయిలాండు పేర్లున్నట్లు తెలిపిరి. పరుల చెత్త మన ఇంటికి వచ్చినదని కోపించుట సహజమే. కాని అలకు దారి ఒకవైపే యుండదు. రుతుపవనము తిరిగినపుడు ప్రవాహమును తిరుగును. జంగ్లీఘాట్ జెట్టీ వద్ద నీటిలో తేలు సీసా ఎచ్చటికి పోవుచున్నదో అడిగినవారు లేరు.

2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మారిన ఈ పోర్టుబ్లెయిరులో, మన క్వార్టర్ల పైకప్పు నుండి వాననీటిని ట్యాంకులోనికి దింపుటకు కావలసినది కొన్ని అడుగుల గొట్టము, ఒక వల, మొదటి వాన నీటిని వదలివేయుటకు ఒక బిరడా. మే మాసము చివర వచ్చు నైరుతి వాన నుండి డిసెంబరు వరకు కురిసినదంతయు నేడు మెట్లమీదుగా కాలువలోనికి, కాలువనుండి సముద్రములోనికి పోవుచున్నది. జనవరిలో దీనిని బిగించిన ప్రయోజనము లేదు. ఏప్రిల్‌లోనే పని ముగించవలెను.